ఒక్క దిశ వేగంతో గెలాక్సీని తూచడం

డిగ్రీ విద్యార్థులకు కృష్ణపదార్థం గురించి చెప్పేటప్పుడు నేను ఇన్నేళ్లుగా సర్పిలాకార గెలాక్సీలతో మొదలుపెట్టి వాటితోనే ముగిస్తూ వచ్చాను. ఆ పాఠం చెప్పడం తేలిక. సర్పిలాకార గెలాక్సీలోని నక్షత్రాలూ వాయువూ దాదాపు ఒకే తలంలో, దాదాపు వృత్తాకారపు కక్ష్యల్లో, ఒకే దిశగా కేంద్రం చుట్టూ తిరుగుతుంటాయి. కేంద్రం నుంచి ఎంత దూరంలో ఎంత వేగం ఉందో కొలిస్తే, ఆ దూరానికి లోపల ఉన్న మొత్తం ద్రవ్యరాశి న్యూటన్ సూత్రంతో ఒక్క పంక్తిలో వచ్చేస్తుంది. వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ 1970లో ఆండ్రోమెడా గెలాక్సీ భ్రమణ వేగాలను ప్రచురించారు. ఆ తర్వాత రేడియో ఖగోళ శాస్త్రజ్ఞులు హైడ్రోజన్ వాయువు వెలువరించే 21 సెంటీమీటర్ల తరంగాలను పట్టుకుని, నక్షత్రాల వెలుతురు అడుగంటిన చోట్లకు కూడా ఆ కొలతలను పొడిగించారు. బయటికి వెళ్లేకొద్దీ తగ్గవలసిన వేగం తగ్గకపోవడం వల్ల, కంటికి కనిపించని పదార్థం అక్కడ చాలా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

కిందటి సంవత్సరం ఆ పాఠం ముగిశాక ఒక విద్యార్థిని లేచి, "సార్, అసలు అలా తిరగని గెలాక్సీలను ఎలా తూస్తారు?" అని అడిగింది. దీర్ఘవృత్తాకార గెలాక్సీలలో నక్షత్రాల వేగాల చెదురును బట్టి లెక్క కడతారని ఒక వాక్యంలో జవాబు చెప్పాను. జవాబు తప్పు కాదు గాని, ఆ ఒక్క వాక్యం వెనుక ఎంత పని, ఎంత అనిశ్చితి, ఎంత వాదోపవాదం ఉన్నాయో నాకు సరిగా తెలియదన్న సంగతి ఇంటికి వచ్చాక నన్ను వదల్లేదు. అప్పటి నుంచి వీలు చిక్కినప్పుడల్లా చదువుతూ వచ్చిన దానిలో నాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

దీర్ఘవృత్తాకార గెలాక్సీ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. చేతులు లేవు, ధూళి చారలు అరుదు, నీలి నక్షత్రాలు దాదాపు లేవు. మధ్యలో కాంతిమంతంగా మొదలై బయటికి మెల్లగా పలచబడే ఒక వెలుగు ముద్ద. ఆ సాదాతనమే దాన్ని తూచేవారికి కష్టం తెచ్చిపెట్టింది. దానిలో చల్లని హైడ్రోజన్ పళ్లెం సాధారణంగా ఉండదు కాబట్టి రేడియో దారి మూసుకుపోతుంది. నక్షత్రాలు ఒకే తలంలో తిరగవు. ఒక్కొక్కటి ఒక్కో వాలులో, ఒక్కో ఆకారపు కక్ష్యలో పోతుంటుంది. గెలాక్సీ తన గురుత్వాకర్షణకు తాను కుప్పకూలకుండా నిలబడుతున్నది భ్రమణం వల్ల కంటే ఈ చెల్లాచెదురు వేగాల వల్లే ఎక్కువ. అందుకే ఇక్కడ కొలవవలసింది భ్రమణ వేగం కాదు, వేగాల వ్యాప్తి: సగటు వేగానికి అటూ ఇటూ అవి ఎంతగా చెదిరి ఉన్నాయన్నది.

గెలాక్సీ మధ్య భాగంలో ఈ కొలత కష్టం కాదు. కోట్ల నక్షత్రాల కాంతిని రంగులుగా విడదీసిన వర్ణపటంలో, పరమాణువులు కొంత కాంతిని మింగడం వల్ల ఏర్పడే ప్రతి నల్లని గీతా, అంటే శోషణ రేఖా, వేగాల చెదురు మేరకు వెడల్పవుతుంది. ఆ వెడల్పే వేగ వ్యాప్తి. అయితే మధ్య భాగంలో నక్షత్రాల బరువే ఎక్కువ, కృష్ణపదార్థం వాటా తక్కువ. కృష్ణపదార్థం పైచేయి అయ్యేది బయటి ప్రాంతాల్లో. గెలాక్సీ వెలుతురులో సగం ఇమిడే వృత్తపు వ్యాసార్ధాన్ని సగకాంతి వ్యాసార్ధం అనుకుంటే, దానికి రెండు మూడు రెట్ల దూరం వెళ్లేసరికి నక్షత్రాల వెలుతురు రాత్రి ఆకాశపు సహజమైన మసక కాంతి కంటే ఎన్నో రెట్లు తక్కువకు దిగిపోతుంది. కొలవవలసిన చోట వెలుతురు లేదు, వెలుతురు ఉన్న చోట కొలిచినా మనకు కావలసిన జవాబు రాదు.

ఈ చిక్కు నుంచి బయటపడేసేవి గోళాకార నక్షత్ర గుచ్ఛాలు. ఒక్కో గుచ్ఛంలో లక్షల నక్షత్రాలు కొన్ని పదుల కాంతి సంవత్సరాల మేరలో దట్టంగా కూడి ఉంటాయి. చాలావాటి వయసు వెయ్యి కోట్ల సంవత్సరాలకు పైమాటే. మన పాలపుంతలో ఇవి సుమారు 150 ఉన్నాయి. కన్యారాశిలోని ఎం87 అనే మహా దీర్ఘవృత్తాకార గెలాక్సీలో 12,000కు పైగా ఉన్నాయని అంచనా. విలియం బామ్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎం87 చుట్టూ ఉన్న ఈ చుక్కల గుంపును 1955లోనే గుర్తించాడు. ఆ గెలాక్సీ మన నుంచి సుమారు 5 కోట్ల 40 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి, అక్కడి గుచ్ఛం నేలమీది దుర్భిణిలో ఒక మసక నక్షత్రంలాగే కనిపిస్తుంది. అయినా అది ఒక్క బిందువులో కూడిన లక్షల నక్షత్రాల కాంతి. చుట్టూ పరచుకున్న పలచని వెలుతురు కంటే దాని వర్ణపటం తీయడం ఎంతో సులువు. పైగా గుచ్ఛాలు నక్షత్రాల కంటే చాలా దూరం వరకు విస్తరించి ఉంటాయి. వెలుతురు ఆరిపోయిన చోట కూడా అక్కడొకటి ఇక్కడొకటిగా గుచ్ఛాలు తిరుగుతూనే ఉంటాయి.

ఎం87 ఆకాశంలో ఎక్కడుందో తెలుసుకోవడం మనకు కష్టం కాదు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిది గంటల వేళ నడినెత్తికి దగ్గరగా ఉత్తర ఫల్గుణి నక్షత్రం ఉంటుంది; దానికి తూర్పుగా కన్యారాశి ఉత్తరపు అంచున ఉన్న మరో నక్షత్రానికి గీత గీస్తే, దాదాపు ఆ దారి మధ్యలోనే కన్యారాశి గెలాక్సీల సమూహం ఉంది. మా ఊరి పొలాల్లో ఎనిమిది అంగుళాల దుర్భిణితో ఎం87ను ఒకసారి చూశాను. గుండ్రని మసక మచ్చ, అంతే. చార్లెస్ మెసియే 1781లో చూసిందీ దాదాపు అంతే. 2019లో మొట్టమొదటి కృష్ణబిలం ఛాయాచిత్రం వచ్చింది దీని కేంద్రం నుంచే. ఆ కృష్ణబిలం బరువు 650 కోట్ల సూర్యులకు సమానం. కాని గెలాక్సీ మొత్తం తూకంలో అది లెక్కలోకి రానంత చిన్నది.

గుచ్ఛం వేగాన్ని కొలిచే విధానం డాప్లర్ ప్రభావమే: దూరమయ్యే వస్తువు కాంతి ఎరుపు వైపు, దగ్గరయ్యే వస్తువు కాంతి నీలం వైపు జరగడం. ఆ గుచ్ఛపు వర్ణపటంలో పరారుణపు అంచున కాల్షియం పరమాణువులు వేసే మూడు శోషణ రేఖలు ఉంటాయి. వాటిలో మధ్యది 854.2 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఎం87 మొత్తంగా మన నుంచి సెకనుకు సుమారు 1,300 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది కాబట్టి ఆ రేఖ దాదాపు 3.7 నానోమీటర్లు ఎరుపు వైపు జరిగి కనిపిస్తుంది. గెలాక్సీతో పోలిస్తే గుచ్ఛం మరో 300 కిలోమీటర్ల వేగంతో ఇటో అటో కదులుతుంటే, ఇంకో 0.85 నానోమీటరు తేడా వస్తుంది. ఈ తేడాలను సెకనుకు పది పదిహేను కిలోమీటర్ల ఖచ్చితత్వంతో చదవగలిగిన పరికరాలు ఉన్నాయి. హవాయి దీవిలో 4,100 మీటర్లకు పైగా ఎత్తున్న మౌనా కియా శిఖరంపై ఉన్న పది మీటర్ల కెక్ దుర్భిణికి డీమోస్ అనే వర్ణపట దర్శిని ఉంది. ముందే తీసిన ఛాయాచిత్రాల నుంచి గుచ్ఛాల స్థానాలు గుర్తించి, ఒక పలుచని అల్యూమినియం రేకులో సరిగ్గా ఆ స్థానాల్లో సన్నని చీలికలు కోసి, ఆ రేకును దుర్భిణి నాభి దగ్గర అమరుస్తారు. ఒక్కో చీలిక గుండా ఒక్కో గుచ్ఛపు కాంతి మాత్రమే లోపలికి వెళుతుంది. అలా కొన్ని గంటల్లో వంద వర్ణపటాలు ఒకేసారి వస్తాయి. ఇంత సున్నితమైన ఖగోళ శాస్త్రానికి ఆధారం చిల్లులు పెట్టిన రేకు కావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

వేగాలు వచ్చాయి, ఇక తూకం. లెక్క ఎంత సులభంగా కనిపిస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ తీసుకుంటాను. కేంద్రం నుంచి 1,63,000 కాంతి సంవత్సరాల దూరంలో గుచ్ఛాల వేగ వ్యాప్తి సెకనుకు 300 కిలోమీటర్లు అనుకుందాం. దూరం పెరిగేకొద్దీ గుచ్ఛాల సాంద్రత దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుందనీ, వేగాలు అన్ని దిశల్లోనూ సమానంగా చెదిరి ఉన్నాయనీ అనుకుంటే, లోపలి ద్రవ్యరాశి వేగ వ్యాప్తి వర్గాన్ని దూరంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించి, మూడు రెట్లు చేస్తే వస్తుంది. ఫలితం సుమారు 3 లక్షల కోట్ల సూర్యుల బరువు. ఎం87 నక్షత్రాలన్నిటి బరువు అర లక్ష కోట్ల సూర్యుల ప్రాంతంలో ఉంటుంది. మిగిలినదంతా కంటికి కనిపించనిదే. దానిలో కొంత వేడి వాయువు ఉన్నా, అత్యధిక భాగం కృష్ణపదార్థమని చెప్పక తప్పదు.

కాని ఆ ఉదాహరణలో "అన్ని దిశల్లోనూ సమానంగా" అన్న మాటను నేను చడీచప్పుడు లేకుండా చేర్చాను. అసలు కథంతా ఆ మాట దగ్గరే ఉంది. డాప్లర్ ప్రభావం మనవైపు రావడాన్నీ మన నుంచి పోవడాన్నీ మాత్రమే చూపుతుంది. అడ్డంగా జరిగే కదలికను అది చూపదు. అడ్డ కదలికను ఆకాశంలో స్థానం మారడాన్ని బట్టి కొలవాలంటే, ఎం87 దూరంలో సెకనుకు 300 కిలోమీటర్ల వేగం అంటే సంవత్సరానికి ఒక ఆర్క్ సెకనులో (డిగ్రీలో 3,600వ వంతులో) పది లక్షల వంతుల్లో నాలుగు వంతుల జరుగుడు మాత్రమే. అంత మసక చుక్కలకు అది ఇప్పట్లో సాధ్యమయ్యే పని కాదు. ఒక గుచ్ఛం కక్ష్యను ఒక్కసారి పూర్తి చేయడానికి సుమారు 60 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మనకు దొరికేది ఆ ప్రయాణంలో ఒక్క క్షణపు చిత్రం. అంటే ప్రతి గుచ్ఛానికీ మూడు దిశల వేగాల్లో ఒకటి తెలుసు, రెండు తెలియవు. మూడు దిశల స్థానాల్లో రెండు తెలుసు, లోతు తెలియదు.

ఆ లోటు తూకాన్ని ఎలా మారుస్తుందో తిరనాళ్లలో దూరంగా నిలబడి చూసినట్టు ఊహించుకోవచ్చు. రంగులరాట్నాన్ని కంటి ఎత్తు నుంచి చూస్తే, దాని కుడి ఎడమ అంచుల దగ్గర ఉన్నవాళ్లు నేరుగా మనవైపు వస్తుంటారు లేదా మన నుంచి పోతుంటారు. వారి వేగమంతా మనకు తెలుస్తుంది. పక్కనే ఒక ఊయల మనకు కుడి నుంచి ఎడమకు ఊగుతుంటే, అది ఏ కొసన ఉన్నా మనవైపు రావడం పోవడం ఉండదు. ఎంత వేగంగా ఊగినా మనకు నిశ్చలంగానే తోస్తుంది. గెలాక్సీ చుట్టూ గుండ్రంగా తిరిగే గుచ్ఛాలు రంగులరాట్నం లాంటివి, కేంద్రం గుండా బయటికీ లోపలికీ పోయే పొడుగాటి కక్ష్యల గుచ్ఛాలు ఊయల లాంటివి. అంచుల్లో వేగ వ్యాప్తి తక్కువగా కనిపించడానికి రెండు కారణాలు ఉండవచ్చు: నిజంగా అక్కడ ద్రవ్యరాశి తక్కువ కావడం, లేదా ద్రవ్యరాశి ఎక్కువే ఉండి కక్ష్యలు ఊయలల్లా ఉండటం. జేమ్స్ జీన్స్ పేరుతో పిలిచే సమీకరణంలో ఈ రెండూ కలిసే ఉంటాయి. ఒకదాన్ని ఊహించుకోకుండా రెండోదాన్ని రాబట్టలేము. ఈ రంగంలో పనిచేసేవారు దీన్ని ద్రవ్యరాశికీ కక్ష్యల ఆకారానికీ మధ్య ఉన్న ముడి అంటారు.

ఈ ముడి ఎంత గట్టిదో 2003లో అందరికీ తెలిసివచ్చింది. ఏరన్ రొమనోవ్‌స్కీ, ఆయన సహచరులు కానరీ దీవుల్లోని లా పాల్మాలో ఉన్న విలియం హెర్షెల్ దుర్భిణికి ప్రత్యేకంగా తయారుచేసిన పరికరంతో సింహరాశిలోని ఎం105, అంటే ఎన్‌జీసీ 3379, మరి రెండు మామూలు దీర్ఘవృత్తాకార గెలాక్సీలను కొలిచారు. వారు వాడినవి గుచ్ఛాలు కావు, గ్రహ నీహారికలు. సూర్యుడి వంటి నక్షత్రం జీవితం చివరిలో పై పొరలను వదిలేసినప్పుడు ఆ వాయువులోని ఆక్సిజన్ 500.7 నానోమీటర్ల దగ్గర ఒక్క ఆకుపచ్చ రేఖలో బలంగా వెలుగుతుంది. అలా వెలిగే వాయువునే గ్రహ నీహారిక అంటారు. దూరపు గెలాక్సీలో కూడా దాన్ని పట్టుకోవడానికీ వేగం చదవడానికీ ఆ ఒక్క రేఖ సరిపోతుంది. ఆ నీహారికల వేగ వ్యాప్తి బయటికి వెళ్లేకొద్దీ తగ్గుతూ పోయింది. నక్షత్రాలు తప్ప మరేమీ లేని గెలాక్సీలో ఎలా తగ్గాలో దాదాపు అలాగే తగ్గింది. మామూలు దీర్ఘవృత్తాకార గెలాక్సీలలో కృష్ణపదార్థం కొరతగా ఉందని వారు సైన్స్ పత్రికలో రాశారు.

అది చిన్న విషయం కాదు. గెలాక్సీలన్నీ కృష్ణపదార్థపు గురుత్వాకర్షణ వల్ల ఏర్పడ్డ గుంటల్లోనే పుట్టాయన్నది విశ్వ నిర్మాణం గురించిన మన అవగాహనకు పునాది. ఒక రకం గెలాక్సీలకు ఆ గుంటే లేదంటే పునాదిలో ఏదో తప్పు ఉండాలి. 2005లో అవిషాయ్ డెకెల్, ఆయన సహచరులు నేచర్ పత్రికలో దీనికి ఒక జవాబు ఇచ్చారు. రెండు సర్పిలాకార గెలాక్సీలు ఢీకొని కలిసిపోయి దీర్ఘవృత్తాకార గెలాక్సీగా మారడాన్ని కంప్యూటర్లలో అనుకరించి చూస్తే, ఆ కలయికలో బయటికి విసరబడిన నక్షత్రాలు పొడుగాటి ఊయల కక్ష్యల్లో మిగిలిపోతున్నాయని వారు చూపారు. అలాంటి గెలాక్సీలో కృష్ణపదార్థం నిండుగా ఉన్నా, అంచుల్లో నక్షత్రాల వేగ వ్యాప్తి రొమనోవ్‌స్కీ బృందం కొలిచినట్టే తగ్గుతుంది. ఒకే కొలతకు రెండు అర్థాలు; ఏది సరైనదో ఆ కొలత ఒక్కదాని వల్ల తేలదు.

ఇక్కడ గోళాకార గుచ్ఛాలు రెండో సాక్షిగా వచ్చాయి. గుచ్ఛాలు నక్షత్రాల వెంట పుట్టినా, అవి పరచుకున్న తీరు వేరు, వాటి కక్ష్యలు వేరు కావచ్చు. కాని వాటిని లాగుతున్న గురుత్వాకర్షణ మాత్రం అదే. 2006లో రెండు వేర్వేరు బృందాలు, ఒకటి జెమిని దుర్భిణితో, మరొకటి చిలీలోని యూరోపియన్ దుర్భిణితో, ఎం105 గుచ్ఛాలను కొలిచాయి. ఒక్కో బృందానికి కొద్ది పదుల గుచ్ఛాలే దొరికాయి. అయినా గుచ్ఛాల వేగ వ్యాప్తి నీహారికల వేగ వ్యాప్తిలా తగ్గిపోలేదు. కృష్ణపదార్థం ఉన్న గెలాక్సీలో ఎలా ఉండాలో అలా నిలబడింది. ఆ తర్వాత నక్షత్రాల కాంతిని మరింత దూరం వరకు కొలిచిన పరిశీలనలు, కక్ష్యల ఆకారాన్ని ముందే ఊహించకుండా వేల కక్ష్యలను కలిపి సరిపోల్చే నమూనాలు కూడా కృష్ణపదార్థం ఉండటాన్నే సమర్థించాయి. నా అభిప్రాయంలో 2003 నాటి వ్యాసం తప్పు కాదు, కొలత సరైనదే. ఒకే రకం సాక్షిని నమ్మి తీర్పు చెప్పడంలో ఉన్న ప్రమాదాన్ని అది బయటపెట్టింది. ఆ ముడిని ఎవరూ అంత బలంగా లాగకపోయి ఉంటే, దాన్ని విప్పే పని అంత శ్రద్ధగా జరిగేది కాదు.

గుచ్ఛాలకు మరో గొప్ప సౌలభ్యం ఉంది. పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీలలో అవి సాధారణంగా రెండు జాతులుగా ఉంటాయి: కాస్త ఎర్రనివి, కాస్త నీలివి. ఎర్రని గుచ్ఛాలలో ఇనుము వంటి బరువైన మూలకాలు ఎక్కువ; అవి గెలాక్సీ నక్షత్రాలతో పాటు మధ్యకు దగ్గరగా కూడి ఉంటాయి. నీలి గుచ్ఛాలలో ఆ మూలకాలు తక్కువ. అవి చాలా దూరం వరకు పరచుకుని ఉంటాయి, వేగ వ్యాప్తి కూడా సాధారణంగా ఎక్కువ. నీలి గుచ్ఛాలలో చాలా వరకు ఒకప్పుడు ఈ మహా గెలాక్సీ మింగేసిన చిన్న గెలాక్సీలవని భావిస్తారు. రెండు జాతులూ ఒకే గురుత్వ క్షేత్రంలో తిరుగుతున్నాయి కాబట్టి, రెండిటి నుంచీ విడివిడిగా లెక్క కట్టినా ఒకే ద్రవ్యరాశి రావాలి. రాకపోతే కక్ష్యల గురించిన మన ఊహ ఎక్కడో తప్పని తెలుస్తుంది. ఒకే వస్తువును రెండు తరాజులతో తూచినట్టు ఇది.

ఎం87 విషయంలో ఈ పని ఎంత ఓపికతో జరిగిందో చెప్పకుండా ఉండలేను. జాన్ హక్రా, జీన్ బ్రోడీ 1987లో ప్రచురించిన కొలతల్లో ఉన్నవి కొద్ది గుచ్ఛాలే. పదేళ్ల తర్వాత, 1997లో, జుడిత్ కోహెన్, ఆంటన్ రైజోవ్ కెక్ దుర్భిణితో 205 గుచ్ఛాల వేగాలను ఇచ్చారు. 2001లో ఆ సంఖ్య 278 అయింది. 2011లో జే స్ట్రేడర్ బృందం ఒకేసారి వందల కొత్త వేగాలు చేర్చింది. అంతేకాక, అంతకుముందు అంచుల్లో చెప్పిన పెద్ద వేగాలలో కొన్ని కొలత తప్పులని చూపి, ఆ ప్రాంతపు వేగ వ్యాప్తిని కిందికి దించింది. వర్గం చేసేటప్పుడు ఒక్క తప్పు వేగం కూడా తూకాన్ని ఎంతో పెంచేస్తుంది కాబట్టి, కొత్త గుచ్ఛాలను కలపడంతో సమానమైన పని పాత తప్పులను తీసివేయడం. 2014లో 922 గుచ్ఛాలతో, కేంద్రం నుంచి సుమారు 5 లక్షల 90 వేల కాంతి సంవత్సరాల వరకు, అంటే సగకాంతి వ్యాసార్ధానికి 25 రెట్ల దూరం వరకు, ఎం87 నమూనా వచ్చింది. నక్షత్రాల వెలుతురును మాత్రమే నమ్ముకుంటే అందులో పదోవంతు దూరం వెళ్లడం కూడా కష్టం.

సంఖ్య ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కలో చెప్పవచ్చు. పది గుచ్ఛాల నుంచి వేగ వ్యాప్తి కడితే సహజంగా 22 శాతం అనిశ్చితి ఉంటుంది. ద్రవ్యరాశి దాని వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి అక్కడ అది 45 శాతం అవుతుంది. యాభై గుచ్ఛాలతో 20 శాతానికి, తొమ్మిది వందలతో దాదాపు 5 శాతానికి దిగుతుంది. అయితే ఇది ప్రతి గుచ్ఛం తన దారిన తాను స్వతంత్రంగా తిరుగుతోందన్న షరతు మీద. ఈ మధ్యే మింగబడిన ఒక చిన్న గెలాక్సీతో పాటు వచ్చిన గుచ్ఛాలు ఇంకా గుంపుగా కదులుతుంటే ఆ షరతు చెల్లదు. ఎం87 బయటి ప్రాంతంలో అలాంటి గుంపు ఒకటి నిజంగానే ఉందని 2012లో కనుగొన్నారు. పేపరు మీద చుక్కలన్నీ ఒక్కటిగానే ఉంటాయి. దూరాన్నీ వేగాన్నీ కలిపి గీసినప్పుడు మాత్రమే కొన్ని చుక్కలు ఒక మొన ఆకారంలో కూడి, తాము ఒకే ఇంటి నుంచి వచ్చామని చెబుతాయి.

మరో దారి ఎక్స్-కిరణాలది. ఎం87 చుట్టూ రెండు మూడు కోట్ల డిగ్రీల వేడి వాయువు ఉంది. దాని పీడనమూ గురుత్వాకర్షణా సమతూకంలో ఉన్నాయనుకుంటే, ఉష్ణోగ్రత, సాంద్రతల నుంచి ద్రవ్యరాశి వస్తుంది. ఐన్‌స్టీన్ ఉపగ్రహం కొలతలతో 1980లోనే ఎం87కు భారీ కృష్ణపదార్థపు ఆవరణ ఉందని తేలింది. తర్వాత సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్రా ఉపగ్రహం ఆ వాయువును ఎంతో సూక్ష్మంగా చూపింది. వాయువుకు కక్ష్యల ముడి లేదు, అది పెద్ద ఊరట. కాని కేంద్రంలోని కృష్ణబిలం దగ్గర నుంచి దూసుకొచ్చే జెట్, అంటే సన్నని పదార్థపు ధార, ఆ వాయువును కలచివేసి బుడగలు చేస్తోంది, సమతూకం అన్న మాట అక్కడ పూర్తిగా నిలవదు. ఎం105 వంటి మామూలు గెలాక్సీలలోనైతే అంత వేడి వాయువే ఉండదు. అందుకే ఎక్స్-కిరణాలు వచ్చాక కూడా గుచ్ఛాల అవసరం తీరలేదు.

ఒక్కొక్క గెలాక్సీని కాక చాలావాటిని ఒకే పద్ధతిలో కొలవడానికి జీన్ బ్రోడీ, డంకన్ ఫోర్బ్స్, రొమనోవ్‌స్కీ తదితరులు స్లగ్స్ అనే సర్వేను నడిపారు. సుబారు దుర్భిణితో ఛాయాచిత్రాలు, కెక్ డీమోస్‌తో వేగాలు. 25 గెలాక్సీలు, మొత్తం 4,000కు పైగా గుచ్ఛాల వేగాలు. సగకాంతి వ్యాసార్ధానికి ఐదు రెట్ల దూరం లోపల చాలా గెలాక్సీలలో సగానికి మించిన బరువు కృష్ణపదార్థానిదేనని వారి లెక్క చెప్పింది. కొన్ని మధ్యతరహా గెలాక్సీలలో మాత్రం ఆ వాటా ఊహించినదాని కంటే తక్కువగా వచ్చింది. ఇవి కృష్ణపదార్థం నిజంగా పలచగా పరచుకున్న గెలాక్సీలా, లేక కక్ష్యల ముడి ఇంకా పూర్తిగా విడలేదా అన్నది నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించే ప్రశ్న.

తక్కువ గుచ్ఛాలతో తూచడంలోని కష్టం 2018లో మరింత బహిరంగంగా చర్చకు వచ్చింది. ఎన్‌జీసీ 1052 అనే దీర్ఘవృత్తాకార గెలాక్సీ సమీపాన కనిపించే డీఎఫ్2 అనే అతి పలచని గెలాక్సీలో పీటర్ వాన్ డాక్కుమ్ బృందం పది గుచ్ఛాల వేగాలు కొలిచింది. వేగ వ్యాప్తి సెకనుకు పది కిలోమీటర్ల ప్రాంతాన్ని మించలేదు. దాదాపు 20 కోట్ల సూర్యుల బరువున్న నక్షత్రాలు తప్ప అక్కడ మరేమీ అవసరం లేదనీ, నక్షత్రాలతో పోల్చినప్పుడు కృష్ణపదార్థం ఉండవలసినదాని కంటే కనీసం 400 రెట్లు తక్కువనీ వారు రాశారు. పది గుచ్ఛాల అనిశ్చితి మీద వెంటనే వాదం రేగింది. 2019లో మరో బృందం ఆ గెలాక్సీ 6.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కాక 4.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉందని వాదించింది. గెలాక్సీ దగ్గరైతే దాని నక్షత్రాల అసలు కాంతి దూరపు వర్గం చొప్పున తగ్గిపోతుంది, కాని తూకం దూరం చొప్పున మాత్రమే తగ్గుతుంది. అప్పుడు నక్షత్రాలు మోయలేని బరువు మిగిలి, కృష్ణపదార్థం తిరిగి వస్తుంది. 2021లో హబుల్ దుర్భిణితో విడివిడి ఎర్ర మహాతారల కాంతిని కొలిచి, దూరం సుమారు 7.2 కోట్ల కాంతి సంవత్సరాలని తేల్చారు. నక్షత్రాల వేగ వ్యాప్తిని విడిగా కొలిచిన పరిశీలనలు కూడా తక్కువ తూకం వైపే మొగ్గాయి. పది చుక్కల మీద నిలబడిన వాదన అయినా, వేరే సాక్ష్యాలు వచ్చి దాన్ని ఆదుకున్నాయి.

ముందున్న పని గురించి చెప్పి ముగిస్తాను. 2025 జూన్‌లో చిలీలోని సెర్రో పచోన్ కొండమీది వేరా రూబిన్ వేధశాల తన తొలి చిత్రాల్లో కన్యారాశి గెలాక్సీల సమూహంలో కొంత భాగాన్ని చూపింది. సర్పిలాకార గెలాక్సీలను తూచిన ఆ శాస్త్రవేత్త పేరు మీది దుర్భిణి, దీర్ఘవృత్తాకార గెలాక్సీల చుట్టూ ఉన్న గుచ్ఛాలను లక్షల్లో గుర్తించగలదు. కాని దానికి వర్ణపట దర్శిని లేదు, వేగం చెప్పలేదు. ఆ వేగాల కోసం సుబారు దుర్భిణికి అమర్చిన, సుమారు 2,400 కాంతి తంతువులతో ఒకేసారి అన్ని వస్తువుల వర్ణపటాలు తీయగల పరికరం వంటివి కావాలి. ఎం87కు ఇవి మేలు చేస్తాయి. అక్కడ కొలవని గుచ్ఛాలు ఇంకా వేలల్లో ఉన్నాయి. ఎం105 సంగతి వేరు. దానిలో మొత్తం గుచ్ఛాలే కొన్ని వందలు, వాటిలోనూ వర్ణపటం తీయగలిగినంత కాంతి ఉన్నవి ఇంకా తక్కువ. ఎంత పెద్ద అద్దం కట్టినా ఆ గెలాక్సీ తన దగ్గర లేని గుచ్ఛాలను చూపలేదు. అలాంటి గెలాక్సీకి గుచ్ఛాలు, నీహారికలు, నక్షత్రాల కాంతి, ఈ మూడింటినీ ఒకే నమూనాలో కలిపి, మూడింటికీ సరిపోయే కక్ష్యలనూ ద్రవ్యరాశినీ కలిపి వెతకడమే దారి. ఆ విద్యార్థినికి ఈసారి ఎం105 వేగ వ్యాప్తి గీతలు రెండూ, నీహారికలదీ గుచ్ఛాలదీ, ఒకే గ్రాఫు కాగితం మీద గీసి ఇచ్చాను.